వాడని పచ్చిక: గ్రిమ్ లూసర్ను చరిత్రము

'పాడిపంటలు' అను జంటపదములో పెద్దలు పాడిని ముందు నిలిపి పంటను వెనుక నిలిపిరి. ఇది నాలుకకు వాటమగుటచేత మాత్రమే జరిగినది కాదు. ఎద్దు లేనిది దుక్కి లేదు; దుక్కి లేనిది గింజ లేదు. ఆవు పాలిచ్చుటకును, ఎద్దు కాడి మోయుటకును మూలమైనది మేత. విరాటుని కొలువున మారువేషములతో చేరిన పాండవులలో నకులుడు గుర్రములను, సహదేవుడు ఆలమందలను కాచిరని భారతకథ విన్న ప్రతివారికిని తెలియును. పశువులే ధనమై యున్న కాలమున వానిని మేపుట రాజకుమారులు సైతము నేర్వదగిన విద్యగా నుండెను. ఐనను చరిత్రకారులు గుర్రమెక్కిన వానిని గూర్చి వ్రాసినంతగా గుర్రము తిన్న మేతను గూర్చి వ్రాయలేదు. రాజ్యములు గెలిచినవారి పేర్లు పిల్లలు వల్లించుచున్నారు. ఒక మేతమొక్కను మంచునోటినుండి గెలిచిన రైతు పేరు మాత్రము వినినవారు అరుదు. ఆ మొక్క లూసర్ను. ఆ రైతు వెండెలిన్ గ్రిమ్.

లూసర్నును వాడుకలో గడ్డి యని పిలిచినను, అది గడ్డిజాతి మొక్క కాదు. మెంతి, పెసర, జనుము మొదలగు కాయజాతి మొక్కలకు చుట్టము. ఒక్కొక్క కాడకు మూడేసి చిన్న ఆకులు, ఊదారంగు పూలగుత్తులు, నత్తగుల్లవలె చుట్టుకొనిన చిరుకాయలు దాని గుర్తులు. నేలపైన మోకాలెత్తు దాటి పెరుగు ఈ మొక్కకు నేల క్రింద వేరు అంతకు పలురెట్లు దిగును. లోతైన నేల దొరకినచో ఆ వేరు పలు బారల లోతున నున్న తడిని సైతము వెదకికొనును. ఒకమారు విత్తిన ఏండ్ల తరబడి ఉండును. కోసినకొలది మొదటినుండి మరల చిగుర్చును. ఎండబెట్టిన మేతలో ఇంచుమించు ఐదవవంతు మాంసకృత్తులు. వేళ్ళపై నుండు చిన్న బుడిపెలలో సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకందించును. హెల్‌రీగెల్, విల్ఫార్త్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1886వ సంవత్సరమున కాయజాతి మొక్కల ఈ మర్మమును లోకమునకు వెల్లడించిరి. కావున లూసర్ను పశువునకు మేతయు, పొలమునకు ఎరువును అగుచున్నది.

దీని పేర్లలోనే దీని ప్రయాణము దాగియున్నది. ప్రాచీన పారసీకులు దీనిని గుర్రపుమేత యను అర్థముగల 'అస్పస్త్' అను పేరుతో పిలిచిరి. వారి 'అస్ప' శబ్దమును సంస్కృతమునందలి 'అశ్వ' శబ్దమును అక్కచెల్లెండ్రు. అరబ్బుల నాలుకపై ఆ పేరు మారి, వారి వెంట స్పెయిను దేశము చేరి 'అల్ఫాల్ఫా' ఐనది. తమిళులు దీనిని 'కుదిరై మసాల్' అందురు. కుదిరై యనగా గుర్రము. వేల క్రోసుల దూరమున, భిన్నభాషలలో, ఈ మొక్క గుర్రమునే అంటిపెట్టుకొని యున్నది. గుర్రము ఎచ్చటికి పోయెనో ఈ మేత అచ్చటికి పోయెను.

గ్రీసు దేశీయులు దీనిని మీడియా దేశపు గడ్డి యనిరి. నేటి ఇరాను దేశపు వాయవ్యభాగమే నాటి మీడియా. దరాయవుషు చక్రవర్తి గ్రీసుపై దండెత్తిన కాలమున పారసీకుల వెంట ఈ మొక్క గ్రీసు చేరెనని రోమను పండితుడు ప్లినీ వ్రాసెను. క్రీస్తునకు పూర్వము 424లో ఆడిన ఒక ప్రహసన నాటకమున అరిస్టోఫనీసు గుర్రముల మేతగా దీని పేరెత్తెను. చూపరులకు నవ్వు వచ్చుటకు ఆ మేత వారెరిగినదై యుండవలెను గదా! రోమను కృషిశాస్త్రకర్త కోలుమెల్లా దీనిని మిక్కిలిగా మెచ్చుకొనెను. ఒకమారు విత్తిన పది సంవత్సరములుండుననియు, ఏటికి నాలుగుమార్లు, ఒక్కొక్కచో ఆరుమార్లు కోతకు వచ్చుననియు, బక్కచిక్కిన పశువు దీనితో కండపట్టుననియు, ఒక యూగెరము నేలలోని పంట మూడు గుర్రములకు ఏడాది పొడవున చాలుననియు ఆయన లెక్క. యూగెరము మన ఎకరమునకు మూడింట రెండువంతులకు కొంచెము తక్కువ. ప్లినీ మరియొక యడుగు ముందుకు వేసి ముప్పది ఏండ్లకు పైగా నిలుచునని వ్రాసెను.

తూర్పున చీనా దేశములో కథ మరింత వింతైనది. హాన్ వంశపు చక్రవర్తి ఊ పంపిన రాయబారి ఝాంగ్ చియెన్ మధ్య ఆసియా దేశములు తిరిగి క్రీ.పూ. 126లో స్వదేశము చేరి, ఫెర్గనా లోయలోని మేలుజాతి గుర్రములను గూర్చి విన్నవించెను. ఆ గుర్రముల కొరకు పిమ్మట దండయాత్రలే జరిగినవి. గుర్రములతోపాటు వాని మేతయు కావలసివచ్చెను. అందుచే రాయబారులు ద్రాక్షవిత్తులతోకూడ లూసర్ను విత్తులను తెచ్చిరనియు, చక్రవర్తి తన మందిరముల చెంత వానిని నాటించెననియు చీనా చరిత్రకారుడు స్సిమా చియెన్ వ్రాసియుంచెను. గుర్రమును మాత్రమే తెచ్చి మేతను మరచిన రాజు గుర్రమును నిలుపుకొనజాలడని ఆ కాలపు వారికి బాగుగా తెలియును.

స్పెయినువారు అమెరికా ఖండమును ఆక్రమించిన పిమ్మట పదునారవ శతాబ్దమున ఈ మొక్క మెక్సికో, పెరూ, చిలీ దేశములలో వేరూనెను. 1850 ప్రాంతమున కాలిఫోర్నియాలో బంగారమునకై జనము విరగబడినపుడు చిలీ నుండి విత్తనము అచ్చటికి వచ్చెను. ఎండయు, కాలువనీరును గల ఆ సీమలో అది విరివిగా పెరిగెను. తూర్పు అమెరికాలో వాషింగ్టను, జెఫర్సను వంటి ప్రముఖులు తమ పొలములలో దీనిని పెంచిచూచిరి. కాని పులుపెక్కిన నేలలును, తేమయు దానికి పడకపోవుటచే తూర్పున అది వ్యాపింపలేదు. ఇక ఉత్తరపు మైదానములమాట చెప్పనక్కరలేదు. అచ్చట శీతకాలమున ఉష్ణమానము సున్నకు ముప్పది డిగ్రీలు దిగువకు పోవు దినములు కలవు. వెచ్చని దేశముల విత్తనము ఒక్క చలికాలముతో చచ్చుచుండెను. ఉత్తర దేశమునకు లూసర్ను పనికిరాదని పెక్కుమంది నిశ్చయించుకొనిరి.

ఆ నిశ్చయమును తెలియక, తెలిసినను లెక్కచేయక, పని సాగించినవాడు గ్రిమ్. ఆయన జర్మనీలోని బాడెను సంస్థానమున కుల్స్‌హైమ్ అను ఊరివాడు. 1848, 1849 సంవత్సరముల తిరుగుబాట్లును, పంటల నష్టములును బాడెను ప్రజలను చీకాకుపరచినవి. వేలకొలది కుటుంబములు సముద్రము దాటిపోయినవి. గ్రిమ్ 1857లో భార్య జూలియానాతోను, పిల్లలతోను బయలుదేరి అమెరికాలోని మినెసోటా ప్రాంతమున కార్వర్ జిల్లా చేరెను. అప్పటికి మినెసోటాకు రాష్ట్రప్రతిపత్తి లేదు. అది 1858 మే నెలలో వచ్చినది. ఆ నేల అంతకుముందు డకోటా జాతివారిది. 1851 నాటి ఒడంబడికలతో వారి చేతినుండి తప్పి వలసవచ్చినవారి వశమైనది. ఒకరి కొత్త బ్రతుకు వెనుక మరియొకరి ఊరు పోయిన చరిత్ర యుండుట మరువరానిది.

గ్రిమ్ వెంట తెచ్చుకొనిన సామానులో పదునైదు ఇరువది పౌనుల లూసర్ను విత్తన ముండెను. ఏడు మొదలు తొమ్మిది కిలోగ్రాములు. మన లెక్కలో ఒక ఎకరము విత్తుటకు సరిపోవు గింజ. సముద్రయానమున ప్రతి మూటకు బరువు లెక్కింపబడు కాలమున ఒక సంసారి తిండిగింజ కాక మేతగింజ మోసికొని వచ్చెననిన, అది అతని ఊరిలో ఎంత నమ్మకమైన పంటయో ఊహింపవచ్చును. బాడెను, ఫ్రాంకోనియా ప్రాంతములలో దానికి 'ఎన్నటికిని పోని క్లోవరు' అని అర్థమిచ్చు పేరు వాడుకలో నుండెను. గ్రిమ్ నోటను అదే పేరు. తాను తెచ్చినది అమెరికాలో అల్ఫాల్ఫా యను పేరుగల మొక్కయే యని ఆయనకు గాని, ఇరుగుపొరుగులకు గాని చాలకాలము తెలియదు.

1858 వసంతమున ఆయన ఆ గింజను విత్తెను. మొలచినది, పెరిగినది. శీతకాలము వచ్చెను. ఉత్తరదేశపు చలి లూసర్నును పలువిధముల చంపును. మొక్కమొదటి కణములలోని నీరు గడ్డకట్టి కణములు చిట్లిపోవుట ఒకటి. నేల గడ్డకట్టుచు కరగుచు పైకుబికి మొక్కను మొదలంట ఎత్తి వేరును తెంచుట రెండవది. మంచుపలక పొలమును మూతవేసి ఊపిరాడనీయకుండుట మూడవది. వసంతము వచ్చి చూచునప్పటికి పొలమున పెక్కుమొక్కలు చచ్చిపోయి, అచ్చటచ్చట కొన్ని మాత్రము చిగుర్చినవి. మరియొకడైనచో పొలమును దున్ని మొక్కజొన్న వేసికొనియుండును. గ్రిమ్ అట్లు చేయలేదు. బ్రతికిన మొక్కలను విత్తునకు వదలి, ఆ విత్తు సేకరించి, మరల విత్తెను. మరల చలి, మరల చావు, మరల మిగిలినవాని విత్తు. ఈ తీరున ఏటికేడు సాగెను.

ఈ పని చెప్పినంత సులువు కాదు. లూసర్నును మేతకు కోయవలెనన్న పూత మొదలగునప్పుడే కోయవలెను. విత్తనము కావలెనన్న పూచి, తేనెటీగలు వాలి, కాయ పండువరకు ఆగవలెను. అనగా విత్తు కోరినవాడు మేతకోతను వదలుకొనవలెను. గింజ మిక్కిలి సన్నము, దిగుబడి కొంచెము, నూర్చుట శ్రమ. కొట్టములో ఆకలిగొనిన పశువులుండగా, ఎదుట పచ్చని మేత నిలిచియుండగా, కొడవలి ఎత్తక ఆగుట కొత్తగా వచ్చిన బీదరైతునకు ఎంతటి పరీక్షయో పశువులను పెంచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. గ్రిమ్ చరిత్రలో అసలు ఘట్టము ఇదియే. యుద్ధము లేదు, సభ లేదు. ప్రతి సంవత్సరము ఆగిన ఒక కొడవలి కలదు.

ఏండ్లు గడచినకొలది చచ్చు మొక్కలు తగ్గి బ్రతుకు మొక్కలు పెరిగినవి. లూసర్ను పరపరాగముతో విత్తు పట్టునది గనుక పొలములోని ఏ రెండు మొక్కలును అచ్చముగా ఒకటి కావు. చలి బలహీనములను ఏరివేసెను. మిగిలినవి తమలో తాము కలసి విత్తు కట్టినవి. డార్విను జీవుల పుట్టుకను గూర్చిన గ్రంథమును 1859లో ప్రకటించెను. గ్రిమ్ మొదటి విత్తు విత్తిన మరుసటి సంవత్సర మది. లండను పండితులు ఆ గ్రంథముపై వాదులాడుకొనుచుండగా, దానిలోని సూత్రము కార్వర్ జిల్లాలోని ఒక మంచుపొలమున నిశ్శబ్దముగా జరుగుచుండెను.

కరవు సంవత్సరములలో ఆ మేత విలువ ఇరుగుపొరుగులకు కనబడెను. ఒక పొరుగురైతు గ్రిమ్ పశువుల కండపుష్టిని చూచి, అందరి మొక్కజొన్నయు పాడైన యేట ఇంత గింజ ఎచ్చట దొరకెనని అడిగెనట. గింజ ఒక్కటియు పెట్టలేదనియు, అంతయు పోని క్లోవరే యనియు గ్రిమ్ సమాధానము. ఈ మాట ఆ ప్రాంతమున తరతరముల వరకు చెప్పుకొనబడినది. అటుపిమ్మట విత్తనము చేతినుండి చేతికి సాగెను. జర్మను మాటాడు ఆ రైతులు ఒకరినుండి యొకరు తీసికొని విత్తిరి. పందొమ్మిదవ శతాబ్దము ముగియునాటికి మినెసోటా రాష్ట్రములోని లూసర్ను సాగులో పెద్దభాగము ఆ ఒక్క కార్వర్ జిల్లాలోనే యుండెను. ఏ శాఖవారును ప్రచారము చేయలేదు. ఏ పత్రికయు వ్రాయలేదు. గ్రిమ్ 1890లో కన్నుమూసెను. తన పేరొక విత్తనమునకు పేరగునని ఆయన ఎరుగడు.

దానిని బయటి లోకమునకు చూపినవాడు ఆర్థర్ లైమన్ అను స్థానికుడు. ఇతర ప్రాంతముల విత్తనము చలికి చచ్చుచుండ, పొరుగు జర్మను రైతుల చేలు ఏటేట పచ్చగా చిగుర్చుట అతని కంటబడెను. చూచి ఊరకుండక 1900 ప్రాంతమున మినెసోటా వ్యవసాయ పరిశోధన కేంద్రములోని ఆచార్య విల్లెట్ హేస్‌నకు తెలియజేసెను. హేస్ పొలములను పరిశీలించి విత్తనము తెప్పించి పరీక్షలు సాగించెను. ఆ విత్తనమునకు మూలపురుషుడెవరో విచారించి దానికి గ్రిమ్ పేరే పెట్టిరి. పిమ్మట కేంద్ర వ్యవసాయశాఖకు చెందిన చార్లెస్ బ్రాండ్ ఈ వృత్తాంతమంతయు శోధించి 1911లో పత్రముగా ప్రకటించెను. ఉత్తర డకోటాలో వివిధ దేశముల లూసర్నులను ప్రక్కప్రక్కన పెంచి చలికి విడిచి చూచినపుడు, కొన్ని రకములు సమూలముగా చావగా, గ్రిమ్ రకము దాదాపు నష్టము లేక నిలిచెను.

నిలుచుటకు కారణములు మొక్కలోనే కలవు. వెచ్చని సీమల లూసర్ను మొదలు నేలపైన నిలుచును. గ్రిమ్ మొదలు నేలలోనికి దిగి విస్తరించి మంచు దెబ్బనుండి మొగ్గలను కాపాడును. వెచ్చని సీమల మొక్క శరదృతువులో సైతము చిగుర్చుచు తన నిలువను ఖర్చుచేసికొనును. గ్రిమ్ పగలు కురుచయగుట గుర్తించి పెరుగుట మాని, వేరులో పిండిపదార్థము కూడబెట్టుకొని నిద్రించును. పంటకాలమున గాదె నింపుకొని కరవున కదలకుండు గృహస్థువలె దాని నడవడి.

ఇచ్చట పండితులలో ఒక వాదము పుట్టెను. ఈ గుణము గ్రిమ్ చేతిలో పుట్టినదా, విత్తులోనే యుండెనా? గ్రిమ్ లూసర్ను పూవులు ఊదారంగు మాత్రమే కావు. కొన్ని పచ్చని ఛాయ, కొన్ని పసుపు ఛాయ గలవి. ఐరోపా, సైబీరియాలలో అడవిగా పెరుగు పసుపుపూల లూసర్ను కలదు. అది చలికి జంకదు. ఊదాపూలదియు పసుపుపూలదియు జర్మనీ పొలములలో ఎప్పుడో కలసినవనియు, ఆ సంకరమునుండి ఓర్పు వచ్చినదనియు వెస్ట్‌గేట్ అను పరిశోధకుడు 1910లో వాదించెను. ఆ మాట సత్యమే. ఐనను ఆ గుణము విత్తులో నుండినను కొన్ని మొక్కలలోనే యుండెను. అదే విత్తు మరియొకని చేతిలో మొదటి చలితోనే ముగిసిపోయియుండును. 'విత్తుకొలది పంట' యనుట నిజము. విత్తునుండి మేలైనదానిని ఏరు చేయి లేనిచో అది సగము నిజము. జర్మనీ విత్తు ఇచ్చెను, మినెసోటా చలి జల్లించెను, గ్రిమ్ జల్లెడలో మిగిలినది దాచెను. మువ్వురును కలిసినపుడే ఆ రకము పుట్టినది.

పేరు వచ్చిన వెంటనే పేరును అమ్ముకొనువారు వచ్చిరి. గ్రిమ్ విత్తనమునకు ధర హెచ్చగా, సాధారణ విత్తనమునే గ్రిమ్ అని చెప్పి అమ్ముట మొదలయ్యెను. గింజను చేతిలో పోసికొని చూచినచో రెండును ఒక్కటివలెనే యుండును. తేడా తెలియునది చలికాలము గడచిన పిమ్మట. అప్పటికి సొమ్ము పోయినది, సంవత్సరము పోయినది. ఈ మోసమును అరికట్టుటకు విత్తన రైతులు సంఘములుగా చేరి, పొలమును, విత్తు వంశమును పరీక్షించి ముద్రవేయు పద్ధతికి పూనుకొనిరి. అమెరికాలో విత్తన ధ్రువీకరణ బలపడుటకు గ్రిమ్ లూసర్ను ఒక ముఖ్యకారణము. మన దేశమున విత్తనముల చట్టము 1966లో వచ్చినది. మొలచిన పిమ్మట గాని బయటపడని మోసము వలన తెలుగు రైతులు ఎంత నష్టపడిరో, ప్రత్తి, మిరప వేసిన ఊళ్ళు ఎరుగును. చట్టము కాగితముపై నుండును. రసీదు అడిగి తీసికొని దాచుట రైతు చేతిలో నుండును.

1924లో గ్రిమ్ పాతపొలమున ఆయన స్మారకముగా శాసనఫలకము గల ఒక శిలను నిలిపిరి. ఆయన ఇల్లును, పొలమును 1974లో జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేర్చిరి. మేతమొక్కకై ఒక రైతునకు నిలిపిన ఇట్టి చిహ్నములు లోకములో కొలదిగా నుండును. ఐతే శిల నిలిపిన కాలముననే ఆ పంటకు మృత్యువు దాపురించుట విధివైపరీత్యము. 1925 ప్రాంతమున బాక్టీరియాలచే కలుగు ఒక వడలు తెగులు అమెరికా లూసర్ను చేలలో గుర్తింపబడెను. వేరులోని నీటిదారులను అది మూసివేయును. మంచును గెలిచిన గ్రిమ్ ఈ తెగులునకు లొంగిపోయెను. ఏండ్లకొలది నిలువవలసిన చేలు మూడు నాలుగేండ్లకే పలుచబడినవి. ఒక శత్రువును ఎదిరించుటకు పెంచిన బలము మరియొక శత్రువునకు పనికిరాదు.

ఆ ఆపదలో మన దేశపు విత్తనము ఒకటి అక్కరకు వచ్చుట తెలుగువారు తెలిసికొనదగినది. హిమాలయముల కావల, సముద్రమట్టమునకు దాదాపు 3500 మీటర్ల ఎత్తున లడాఖ్‌లోని లేహ్ పట్టణము కలదు. అచ్చటి రైతులు మంచునీటి కాలువలపై లూసర్ను పెంచి, కోసి, ఎండబెట్టి, చలికాలపు మేతగా ఇండ్లకప్పులపై పేర్చుకొందురు. ఆ విత్తనము 1910లో అమెరికా చేరెను. దానికి 'లడాక్' అనియే పేరిడిరి. చలికిని, అనావృష్టికిని ఓర్చుటయే కాక తెగులును సైతము అది కొంత ఓర్చుకొనెను. టర్కిస్తాను రకములతోను, ఆచార్య హాన్సెన్ కొనితెచ్చిన విత్తనపు సంతతితోను లడాక్ సంతతిని కలిపి 1940 తరువాతి సంవత్సరములలో 'రేంజర్' అను రకమును విడుదల చేసిరి. 1953లో 'వెర్నల్' వచ్చెను. ఇవి గ్రిమ్ స్థానము నాక్రమించినవి. ఐనను గ్రిమ్ రక్తము ఇంకిపోలేదు. అమెరికా లూసర్నులకు మూలములుగా శాస్త్రజ్ఞులు లెక్కించు తొమ్మిది వంశములలో గ్రిమ్ చేరిన రంగుపూల వంశ మొకటి, లడాక్ ఒకటి, భారతీయ వంశమని మరియొకటి కలవు. లేహ్ రైతులలో ఎవరి చేయి ఆ విత్తును ఏర్చికూర్చెనో ఏ శిలపైనను లేదు.

గ్రిమ్ విత్తనమును తెచ్చి తెలుగునాట విత్తవలెనా యని అడుగువారుందురు. అక్కరలేదు. అది చలికాలమున నిద్రించు రకము. మన చలికాలమే లూసర్నుకు మంచికాలము. ఆ మూడు నాలుగు నెలలు నిద్రించు మేతతో మన పశువునకు ప్రయోజనము లేదు. మనకు నిద్రలేని రకములు కావలెను. కోయంబత్తూరు నుండి వచ్చిన సి.ఓ. 1, మహారాష్ట్రమునందలి రాహురి నుండి వచ్చిన ఆర్.ఎల్. 88, గుజరాతునందలి ఆనంద్ రకములు అట్టివి. మేతపంటల పరిశోధనకు ఝాన్సీలో 1962లో జాతీయ సంస్థ వెలసినది. ఎరువుగల, నీరు నిలువని లోతైన నేలలు దీనికి తగినవి. చౌడును, పులుపునేలయు పనికిరావు. అక్టోబరు, నవంబరు నెలలలో ఎకరమునకు ఎనిమిది మొదలు పది కిలోల విత్తనమును వరుసలలో పలుచని లోతున విత్తవలెను. విత్తునకు రైజోబియము పట్టించుట మేలు. రెండు రెండున్నర నెలలకు మొదటి కోత. పిమ్మట నెలకొక్క కోత వచ్చును. నీటివసతి గలచోట మూడు నాలుగేండ్లు నిలుచును.

రెండు జాగ్రత్తలు మరువరాదు. బంగారుతీగ విత్తు లూసర్ను విత్తుతో కలసి వచ్చును. ఆకులేని ఆ పచ్చనితీగ మొక్కను అల్లుకొని రసము పీల్చి చేనంతయు ప్రాకును. కనబడిన మచ్చను మొక్కతోసహా పెరికి కాల్చవలెను. విత్తు కొనునపుడే జల్లించి చూచిన మరియు మంచిది. రెండవది, లేత పచ్చిమేతను ఆకలిగొనిన పశువునకు కడుపునిండ వేసినచో పొట్ట ఉబ్బి ప్రాణాపాయము కలుగును. ముందుగా ఎండుగడ్డియో జొన్నచొప్పయో తినిపించి, లూసర్నును కొంత వాడ్చి, కొలతగా కలిపి వేయవలెను. ఔషధము వలెనే మంచిమేతకును మోతాదు కలదు.

కృషిపరాశరము మాఘ ఫాల్గుణములలో విత్తులు సేకరించి ఎండబెట్టి భద్రపరుపవలెనని విధించినది. కౌటిల్యుని అర్థశాస్త్రము సీతాధ్యక్షుని విధులలో సకాలమున విత్తన సేకరణను చేర్చినది. గ్రిమ్ ఈ గ్రంథముల పేరు వినినవాడు కాడు. ఐనను శాస్త్రము చెప్పినది ఆయన చేసెను. శాస్త్రమెరిగియు విత్తును అంగడికే వదలిన ఇండ్లు నేడు పెక్కు కలవు. సంకరవిత్తనములను ప్రతి యేడు కొనకతప్పదు. కాని జొన్న, కంది, పెసర, మేతజాతులలో మేలిమొక్కను గుర్తించి, దానికొక దారము కట్టి, విత్తునకు వదలుట ఎవరికిని అసాధ్యము కాదు.

గ్రిమ్ వృత్తాంతములో గ్రంథాలయ పాఠకులు గమనింపదగిన విషయము మరియొకటి కలదు. ఆయన విత్తు నలుబది ఏండ్లకు పైగా ఒక్క జిల్లాలో, ఒక్క భాష మాటాడువారి నడుమ దాగియుండెను. దానిని లైమన్ చూచి చెప్పినందుననే, హేస్ విని నమ్మినందుననే, బ్రాండ్ వ్రాసినందుననే అది వేల ఎకరములకు చేరినది. చేసినవాడు వ్రాయలేదు, వ్రాసినవారు లేనిచో చేసినది అచ్చటనే అణగిపోయెడిది. ప్రతి ఊరిలోను చలిని, కరవును గెలిచిన విత్తొకటి, దానిని దాచిన వృద్ధు డొకడు ఉండకపోరు. పాతికేండ్లుగా ఊరిలో పుస్తకములను కాపాడిన గ్రంథాలయము, ఒక ఖాళీ పుస్తకమును సైతము బల్లపై నుంచి, పెద్దలు చెప్పు విత్తనముల పేర్లు, విత్తు కాలములు, మేతల గుణములు పిల్లలచేత వ్రాయించినచో, రాబోవు పాతికేండ్లకు అది మేలైన గ్రంథములలో ఒకటి కాగలదు.